గాజుల మీద కట్టిన పట్టీ

18 అక్టోబర్ 2022, మంగళవారం

కందిపొడి డబ్బా మూత రాలేదు.

ఎదురు ఫ్లాటు నవత చేతిలో గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్లింట్లో ఈ రోజు కూర వండలేదట. నేను డబ్బా దించి మూత తిప్పితే వేళ్లు జారిపోయాయి. ఇంకోసారి తిప్పాను. కదల్లేదు.

నా ఇంట్లో మూతలు గట్టిగా ఉంటాయని ఈ బిల్డింగులో అందరికీ తెలుసు. షార్జా ఉక్కలో గాలి తగిలితే పొడులు మెత్తబడిపోతాయి. అందుకే ప్రతి మూతా నేనే బిగిస్తాను. ఇంకెవరైనా బిగిస్తే వెనకే వెళ్లి మరో తిప్పు తిప్పి వస్తాను. ఆయనకు రాకపోతే నన్ను పిలుస్తారు, మా అమ్మాయి అక్షయకు రాకపోతే నన్ను పిలుస్తుంది, నేను తీసి ఇస్తాను. అది మా ఇంటి పద్ధతి.

ఈ రోజు నేను బిగించిన మూత నాకే రాలేదు. నవత డబ్బా లాక్కుని, చున్నీ అడ్డం పెట్టి ఒక్క తిప్పుతో తీసేసింది.

"గింత గట్టిగ బిగిస్తవేందక్కా, లోపల బంగారమున్నట్టు" అంది.

కొత్త రబ్బరు రింగు కదా, జారి ఉంటుంది. అంతే.

డ్రైవింగు టెస్టు తేదీ వచ్చింది. నవంబరు 23.

19 అక్టోబర్

భోజనాల దగ్గర తేదీ సంగతి చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "మూడోసారి కదా. ఇది కూడా పోతే ఖలాస్, వైదేహీ. టాక్సీ ఉంది, బస్సు ఉంది, నేనున్నాను" అన్నారు.

ఆయన ఉన్నారన్నది నిజమే. తెల్లారకముందే జెబెల్ అలీ ఆఫీసుకు బయల్దేరతారు, చీకటి పడ్డాక ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వస్తారు. సెలవు రోజున స్టీరింగు ముట్టుకోమంటే దండం పెడతారు. నాకు కల్బా వెళ్లాలని ఉంది. కొండల అవతల సముద్రం, నీళ్లలో నిలబడిన మడ చెట్లు ఉంటాయని చెప్పుకుంటారు. షార్జాలో ఈ రోలా పేటకు కాపురానికి వచ్చినప్పటి నుంచి అడుగుతున్నాను. "ఈ శుక్రవారం" అనేవారు. ప్రభుత్వం వారాంతం మార్చాక "ఈ ఆదివారం" అంటున్నారు. మారింది వారం పేరే.

లైసెన్సు వస్తే నేనే వెళ్తాను. కావాలంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను.

22 అక్టోబర్

దీపావళికి జంతికలు చేశాను. గొట్టం బాగా బిగుతుగా తిరిగింది, పిండి గట్టిగా కలిసినట్టుంది. నాలుగు ఇళ్లకు సరిపడా ఒక్క పూటలో ఒత్తేశాను. మధ్యలో ఆపితే పిండి ఎర్రబడుతుంది కాబట్టి ఆపలేదు.

రాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా చీమలు పాకుతున్నట్టు ఉంది. విదిలిస్తే తగ్గింది. ఏసీ గాలి నేరుగా చేతి మీదికే వస్తోంది. మంచం జరపాలి.

24 అక్టోబర్, దీపావళి

జంతికలు అందరూ మెచ్చుకున్నారు. మంచం జరిపాను. చీమలు కూడా జరిగి వచ్చాయి.

27 అక్టోబర్

డ్రైవింగు క్లాసు. నాకు నేర్పించేది దిల్షాద్ బేగం. హైదరాబాదు పాతబస్తీ ఆవిడ. ఆమెకు తెలుగు వచ్చు కానీ తొందరొస్తే ఉర్దూలోకి వెళ్లిపోతుంది. ఆమె వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ పాదం దాని మీదే పెట్టుకుని కూర్చుంటుంది. నాకు అది నచ్చదు.

ఈ రోజు నా చేతుల వంక చాలాసేపు చూసింది.

"మేడమ్, అది స్టీరింగే, కోడి కాదు. వదిలితే ఎగిరిపోదు" అంది.

గట్టిగా పట్టుకుంటేనే కదా బండి మన మాట వింటుంది. ఆ మాటే అన్నాను. నవ్వింది. రెండుసార్లు ఫెయిలైనప్పుడూ రాసిచ్చిన కాగితంలో కూడా ఇదే ఉందని గుర్తు చేసింది. అలా గుర్తు చేయడం ఆమెకు అవసరం లేదు.

ఇంటికొచ్చేసరికి వేళ్లు మొద్దుబారి తాళంచెవి జారిపోయింది. అలవాటు లేని పని కాబట్టి.

2 నవంబర్

పద్ధతిగా కనుక్కుందామని కూర్చున్నాను. అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా మానేసి చూడాలి, రెండు ఒకేసారి మానకూడదు. లేకపోతే తప్పెవరిదో తేలదు.

ఏసీ మీద కేసు ముందే కొట్టేశాను. తర్వాత వంకాయ, బంగాళాదుంప. వాతం చేస్తాయని నవత ఒట్టేసి చెప్పింది. మూడు రోజులు తినలేదు. తిమ్మిరిలో తేడా లేదు. ఆయన మొహంలో మాత్రం చాలా తేడా వచ్చింది. కాబట్టి వంకాయ నిర్దోషి, రేపు గుత్తి వంకాయ. దిండు మార్చాను, నిర్దోషి. ఫోను రెండు రోజులు ముట్టుకోలేదు. కాస్త నయమనిపించింది, కానీ ఆ రెండు రోజులూ చపాతీలు కూడా చేయలేదు. కాబట్టి లెక్క చెడింది. మళ్లీ చూడాలి.

నవత వాము వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. పెడుతున్నంతసేపూ హాయిగా ఉంది. తీయగానే చీమలు తిరిగొచ్చాయి. వాటికి వాము వాసన నచ్చినట్టుంది.

టెస్టుకూ దీనికీ సంబంధం లేదు.

8 నవంబర్

రౌండెబౌట్‌లో ఉన్నాం. ఎడమ వైపు నుంచి బస్సు వస్తోంది. స్టీరింగు తిప్పాలి. తిప్పాననే అనుకున్నాను. చూస్తే కుడిచెయ్యి దాని మీదే ఉంది కానీ నాది కాదు. చేతి తొడుగు ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఉంది.

దిల్షాద్ బ్రేకు తొక్కింది. బస్సు మా ముందు నుంచి వెళ్లిపోయింది. అద్దంలోంచి ఒకాయన నా వంక చూశాడు.

కాసేపు బండి పక్కకు ఆపించి, ఏమైందని అడిగింది. చెయ్యి చెమట పట్టి జారిందని చెప్పాను. బండిలో ఏసీ చల్లగా ఉంది. ఆమె పేపరు రుమాలు ఒకటి తీసి ఇచ్చింది. నేను చెయ్యి తుడుచుకున్నాను. తుడవడానికి ఏమీ లేదు.

టెస్టుకూ దీనికీ సంబంధం లేదు.

10 నవంబర్

అక్షయ పట్టుకుంది. పొద్దున్నే పాలు తీసుకోవడానికి వచ్చి, ఫ్రిజ్ పక్కన నిలబడి చెయ్యి విదిలిస్తున్న నన్ను చూసింది. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అంది. ఇప్పుడే అన్నాను. "అబద్ధం. నిన్న కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నావు" అంది. కాలేజీలో పాఠం వింటుందో లేదో తెలియదు కానీ ఇంట్లో బాగా గమనిస్తుంది.

శనివారం డాక్టరు దగ్గరికి వస్తాను, నాన్నతో మాత్రం చెప్పొద్దు అన్నాను. ఎందుకని అడిగింది. చెబితే లైసెన్సు సంగతి అక్కడితో ఖలాస్ కాబట్టి. ఆ మాట అనలేదు, ఆయనకు ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను.

12 నవంబర్, శనివారం

డాక్టరు పేరు ఆఫ్రీన్. కర్నూలు అమ్మాయి, ఇంకా ముప్పై దాటలేదేమో. మణికట్టు మీద వేలితో టక్ టక్‌మని కొట్టింది. వేళ్ల చివర్ల దాకా కరెంటు పాకింది. తర్వాత రెండు చేతుల మణికట్లూ కిందికి వంచి, అరచేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి పట్టుకోమంది. నిమిషం లోపలే చీమలు హాజరు. ఏయే వేళ్లని అడిగింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం. చిటికెనవేలు మాత్రం నిర్దోషి. అది చెప్పగానే ఆమెకు విషయం తేలిపోయింది. నేను మూడు వారాలు వంకాయని విచారించాను.

కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మణికట్టులో సన్నని సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లను కదిపే తాళ్లన్నీ, ఒక నరమూ ఆ దారిలోంచే వెళ్లాలి. చేతిని ఎప్పుడూ వంచి, బిగించి, ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే లోపల వాచి నరం నలుగుతుంది. దీనికి కార్పల్ టన్నెల్ అని పేరు. థైరాయిడ్, షుగరు కూడా చూడాలని రక్తం తీసుకుంది. నాది ఇంకా మొదటి దశేనట, బొటనవేలిలో బలం ఉందట. ఇప్పుడు జాగ్రత్త పడితే ఆపరేషన్ దాకా రాకపోవచ్చునట. బలం తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది.

చేయవలసినవి ఇవి. రాత్రిళ్లు మణికట్టు తిన్నగా ఉండేలా స్ప్లింట్ కట్టుకుని పడుకోవాలి. చెయ్యి చెంప కింద మడిచి పెట్టుకోకూడదు. ఏ పనైనా ముక్కలుగా చేయాలి, మధ్యలో చేతికి విరామం ఇవ్వాలి. సన్నని పిడి ఉన్న గరిటెలకు గుడ్డ చుట్టి లావు చేసుకోవాలి. దేన్నైనా అవసరమైనంత బలంతోనే పట్టుకోవాలి, అంతకు మించి వద్దు. వేళ్లు నిటారుగా చాపి, కొక్కెంలా వంచి, మెల్లగా పిడికిలి పట్టే వ్యాయామం. నొప్పి వస్తే ఆపాలి. గాజులు, వాచీ తీసేయాలి.

ఇంకేదో కూడా అంది. గుర్తు లేదు.

13 నవంబర్

స్ప్లింట్ కొన్నాం. నల్లగా, లోపల రేకు పెట్టిన పట్టీ. అక్షయ చూసి క్రికెట్ ఆడడానికి వెళ్తున్నావా అంది.

గాజుల సంగతి ఆలోచించాను. ఇవి పెళ్లినాటివి. అప్పుడు వదులుగా ఉండేవి, ఇప్పుడు తీద్దామన్నా రావు. వచ్చినా తీయను. చేతులు బోసిగా పెట్టుకోకూడదని అత్తగారు నేను కాపురానికి వచ్చిన రోజే చెప్పారు. నేనెప్పుడూ తీయలేదు. డాక్టరుకు ఆమె పద్ధతి ఉంటుంది, మా ఇంటికి మా పద్ధతి ఉంటుంది. రెండింటినీ కలిపాను. గాజుల మీదే పట్టీ కట్టి, గాజులు జారకుండా ఇంకాస్త బిగించాను.

15 నవంబర్

రాత్రి నిద్రలో అటు తిరిగితే పట్టీ ఆయన ముక్కుకు తగిలింది. లేచి కూర్చుని ఏమిటది అన్నారు. రిమోటు అన్నాను. పడుకున్నారు. పొద్దున రిమోటు హాల్లో కనిపించేసరికి కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

రక్త పరీక్షలు బాగానే ఉన్నాయి. తిమ్మిరి తగ్గలేదు, పైగా మణికట్టు చుట్టూ గాజుల అచ్చు ఎర్రగా పడుతోంది. పట్టీ నాణ్యత బాగాలేదనిపిస్తోంది.

ఆ ఇంకో మాట ఇంకా గుర్తు రాలేదు.

20 నవంబర్

వ్యాయామం క్రమం తప్పకుండా చేస్తున్నాను. బాల్కనీలో చేస్తుంటే నవత అవతలి బాల్కనీలోంచి చూసి, "ఎవలికి సైగలు జేస్తున్నవక్కా, కింద పోరగాళ్లు పైకి చూస్తున్రు" అంది. ఇక నుంచి లోపల చేయాలి.

బుధవారం టెస్టు.

23 నవంబర్, బుధవారం

నలుగురం ఒకే బండిలో. టెస్టు తీసుకునే ఆవిడ ముందు సీట్లో. ఇక్కడి మనిషే, నల్లటి అబాయా, చేతిలో ట్యాబ్. ఒక్కొక్కరినీ డ్రైవరు సీట్లోకి పిలిచి నడిపించి, దింపి, తర్వాతి వాళ్లని పిలుస్తుంది. నా వంతు చివర. వెనక సీట్లో ఒళ్లో పర్సు పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో వేళ్లు తెలియకుండా పోయేదాకా నాకు తెలియలేదు.

నా ముందు ఒక చిన్న పిల్ల నడుపుతోంది. జీబ్రా గీతల దగ్గర ఆపింది. ఒకావిడ తోపుడు బండిలో పాపాయిని తోసుకుంటూ దాటుతోంది. పాపాయి బూటు ఒకటి ఊడి రోడ్డు మీద పడింది. ఆవిడ వెనక్కి వచ్చి, వంగి, మా బండి ముందే నిలబడి నింపాదిగా బూటు తొడిగింది. ఆ పిల్ల ఓపిగ్గా ఆగింది. నా చెయ్యి ఒళ్లో ఉంది. తొడుగులాగా.

"యల్లా, నెక్స్ట్" అంది టెస్టు ఆవిడ.

ఆఫ్రీన్ ఏమందో నాకు మొదటి నుంచీ గుర్తే. "తిమ్మిరి తగ్గేదాకా బండి నడపకండి, వైదేహి గారూ. చెయ్యి ఎప్పుడు మొరాయిస్తుందో మీకే తెలియదు" అంది.

దిగాను. డ్రైవరు సీటు తలుపు దాకా వెళ్లాను. ఎక్కలేదు. కిటికీలోంచి వంగి, నాకు వచ్చిన హిందీలో, మేడమ్, నా చెయ్యి మొద్దుబారిపోయింది, ఈ రోజు నడపలేను అన్నాను. ఆమె నా మొహం చూసింది, చెయ్యి చూసింది. మరెందుకొచ్చావని అడిగింది. మొద్దుబారిన వేళ్లు ఎత్తి చూపించాను. "సలామాత్" అంది, కోలుకో అని. "హ్యాండ్ గుడ్, తర్వాత రా" అని ట్యాబ్‌లో ఏదో రాసుకుంది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే, పోయిందా అన్నారు. అవునని ఊరుకోవచ్చు. ఫెయిలవడం మా ఇంట్లో కొత్త కాదు. కానీ పట్టీ తెచ్చి టీపాయ్ మీద పెట్టి, ఇదీ మీ ముక్కుకు తగిలిన రిమోటు అన్నాను. కందిపొడి మూత నుంచి రౌండెబౌట్ దాకా అంతా చెప్పాను.

బస్సు సంగతి విన్నాక ఆయన పట్టీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. తర్వాత, "ఆ బ్రేకు ఆవిడ కాలు కింద లేకపోతే?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"అందుకే ఎక్కలేదండీ" అన్నాను.

"సరే. మూడు అయిపోయాయి. ఖలాస్ అనుకున్నాం కదా."

"రెండే అయ్యాయి. ఇవాళ నేను సీట్లో కూర్చోలేదు. రాయని పరీక్షను ఫెయిలు కింద ఎలా రాస్తారు? మీ ఆఫీసులో అలాగే రాస్తారా?"

ఆయన ఉద్యోగమంతా లెక్కలతోనే. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్షయ గదిలోంచి, "నాన్నా, అమ్మ పాయింటు కరెక్టే" అంది. చివరికి, "ఈ లెక్క వచ్చే ఏడాదికి తీసుకెళ్దాం. కానీ డాక్టరు సరేనని నాతో చెప్పాలి, నీతో కాదు" అన్నారు.

నా మాట మీద నమ్మకం పోయింది. పోవలసిందే.

6 డిసెంబర్

ఆయన కూడా వచ్చారు. నేను ఏ వేళకు పట్టీ కడుతున్నానో, ఏ వేళకు తీస్తున్నానో, వ్యాయామం ఎప్పుడెప్పుడో అంతా ఆఫ్రీన్‌కు వరసగా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఇంత పద్ధతిగా చేస్తే ఈపాటికి తగ్గాలే అంది. ఒకసారి నా ముందు కట్టి చూపించండి అంది.

కట్టి చూపించాను.

ఆమె పట్టీ వంక చూసింది. దాని అంచులోంచి తొంగిచూస్తున్న బంగారం వంక చూసింది.

"గాజుల మీదనా?" అంది.

ఆయన కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. నలిగిపోతున్న నరం మీద గాజులు పెట్టి, వాటి మీద రేకు పెట్టి రాత్రంతా నొక్కుతున్నానట. పట్టీ లేకపోయినా ఇంతకంటే మేలేనట.

ఇంటికొచ్చాక సబ్బు, కొబ్బరినూనె, ఐసు, అన్నీ అయ్యాయి. ఒక్క గాజూ కదల్లేదు. బంగారం కొట్టుకెళ్లి కోయిద్దామన్నారు ఆయన. నేను ఏడ్చాను. అంత ఏడవక్కర్లేదు, రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. అంతలో నవత వచ్చి, "కోసుడెందుకు బావా? మా ఊళ్ల గాజులామె ఎట్ల ఎక్కిస్తదో నేను జూసిన" అని ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు నా చేతికి తొడిగి, నూనె రాసి, నా బొటనవేలు లోపలికి మడిచి, నాతో వేరే కబుర్లు మొదలుపెట్టింది. వాళ్లాయన గురక గురించి. నేను నవ్వుతుండగా గాజు బయటికి వచ్చేసింది. రెండోది కూడా.

మణికట్టు తెల్లగా, పసిపిల్ల చెయ్యిలాగా ఉంది. చూడలేక చున్నీ కప్పుకున్నాను.

7 డిసెంబర్

రాత్రంతా అత్తగారి మొహమే కళ్ల ముందు ఉంది. పొద్దున్నే కాకినాడకు ఫోను చేసి, డాక్టరు చెప్పింది కాబట్టి, చెయ్యి నొప్పి కాబట్టి, తప్పనిసరి కాబట్టి అంటూ ఉపోద్ఘాతమంతా ముగించి, రాత్రి గాజులు తీసేశానని చెప్పాను.

"రాత్రిళ్లు కూడా వేసుకునే పడుకుంటున్నావా ఏమిటి?" అన్నారు ఆవిడ. "గీరుకుపోవూ? నేనెప్పుడూ పడుకునే ముందు తీసి దిండు కింద పెట్టుకునేదాన్నే."

బోసిచేతులు వద్దని మీరే అన్నారు కదా అత్తయ్యా అన్నాను.

"పేరంటానికి వెళ్లేటప్పుడమ్మా. నిద్రలో నిన్నెవరు చూస్తారు?"



8 డిసెంబర్

ఆయన ఈ కథ ఆఫీసులో చెప్పారట. ఎవరికి చెప్పారో పేర్లు అడిగాను. చెప్పలేదు.

14 డిసెంబర్

ఇంటి పనులు మళ్లీ పంచాను. చపాతీ పిండి ఆయన కలుపుతారు. కలుపుతారు అనడం కంటే దానితో కుస్తీ పడతారు అనాలి. సైటు మీద అజమాయిషీ చేసే ముదీర్ లాగా, అదే మేనేజరు లాగా, నడుం మీద చెయ్యి పెట్టి, నీళ్లు ఎవరు పోశారని గద్దిస్తారు. పోసింది ఆయనే. తడిబట్టలు అక్షయ పిండుతుంది. మూతల మీద కొత్త నియమం: మూత ఆగేదాకా తిప్పాలి, ఆగాక తిప్పకూడదు. ఈ నియమం మిగతావాళ్లకు అక్కర్లేదు, నాకోసమే.

పొద్దున ఆవాల డబ్బా దగ్గర చెయ్యి దానంతటదే ఇంకో తిప్పుకి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. ఆవాలకు ఏమీ కాలేదు.

19 డిసెంబర్

రాత్రంతా పడుకున్నాను.

4 జనవరి 2023

నిన్న మళ్లీ చీమలు. కారణం వెతకక్కర్లేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఎప్పుడో సగం అల్లి వదిలేసిన స్వెటరు పట్టుకుని కూర్చున్నాను. ఇంకొక వరస, ఇంకొక వరస అనుకుంటూ సాయంత్రం దాకా అల్లాను. వంకాయ మీద నెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకు నిజమే చెప్పాను. సూదులు తీసుకెళ్లి ఎక్కడో పెట్టారు. ఎక్కడో నాకు తెలుసు, కానీ తీయలేదు.

16 జనవరి

ఆఫ్రీన్ మణికట్టు మీద టక్ టక్‌మంది. ఏమీ పాకలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. రాత్రి పట్టీ ఇంకొన్నాళ్లు ఉంచమంది, జంతికలు మాత్రం ఒక్క పూటలో ఒత్తొద్దంది. బండి నడపవచ్చని నాకు కాకుండా ఆయనకు చెప్పింది. ఆయన రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు. నాకు కోపం రాలేదు.

24 జనవరి

దిల్షాద్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ముందుగా ఆ రోజు చెమట కాదని చెప్పాను. "మాలూమ్ హై మేడమ్. చెమటకు రుమాలు తడుస్తుంది" అంది.

స్టీరింగు మీద చేతులు ఊరికే ఆనించాను. పట్టుకోలేదు, ఆనించాను. బండి ఎప్పుడూ లేనంత తిన్నగా వెళ్లింది. రౌండెబౌట్ కూడా తిరిగాం. చాలాసేపు తర్వాత చూస్తే దిల్షాద్ పాదం బ్రేకు మీద లేదు. చెప్పు విప్పేసి, కాలు మడిచి పెట్టుకుని శెనగలు తింటోంది.

14 ఫిబ్రవరి, మంగళవారం

వచ్చింది.

15 ఫిబ్రవరి

నిన్న ఎక్కువ రాయలేకపోయాను. లైసెన్సు కార్డులో నా ఫోటో ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టు ఉంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, తనకు రెండోసారే వచ్చిందని ఇంకోసారి చెప్పారు. పెళ్లయిన కొత్తలో ఐదోసారి అని చెప్పినట్టు గుర్తు. అడగలేదు. దేన్నైనా అవసరమైనంత బలంతోనే పట్టుకోవాలి.

గాజులు రోలాలోనే పెద్దవి చేయించాను. పొద్దున వేసుకుంటాను, రాత్రి తీసి దిండు కింద పెట్టుకుంటాను.

26 ఫిబ్రవరి, ఆదివారం

కల్బా.

పొద్దున్నే బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, ఆయన పక్కన, వెనక అక్షయ, దాని పక్కన పులిహోర. ఊరు దాటగానే ఎడారి, తర్వాత కొండలు. ఆయన కిటికీ పైనున్న హ్యాండిల్ కుడిచేత్తో పట్టుకున్నారు. ఊరు దాటాక వదులుతారనుకున్నాను. వదల్లేదు. "లారీ", "ఒంటె బోర్డు", "మెల్లగా" అంటూ వచ్చారు. నేను బోర్డులో రాసిన వేగానికి తక్కువలోనే ఉన్నాను. కొండల్లో సొరంగాలు వచ్చాయి. ఒకటి దాటితే ఇంకొకటి. లోపల దీపాలు, తిన్నగా దారి, ఎవరి వరసలో వాళ్లు. ఆఫ్రీన్ గీసిన బొమ్మ గుర్తొచ్చింది. లోపల నొక్కేవాళ్లు లేకపోతే అందరూ హాయిగా వెళ్లిపోవచ్చు.

చివరి సొరంగం దాటాక సముద్రం కనిపించింది. అక్షయ కిటికీ అద్దం దించింది. ఆయన కూడా.

మడ చెట్లు నేననుకున్నంత పొడుగు లేవు. నీళ్లు మాత్రం నేననుకున్నదానికంటే పచ్చగా ఉన్నాయి. పులిహోర తిన్నాం. డబ్బా మూత అక్షయే తీసింది, నన్ను పిలవకుండా.

ఇల్లు చేరాక ఆయన టీ కప్పు ఎడమచేత్తో తీసుకున్నారు. కుడిచెయ్యి కింద పెట్టి విదిలిస్తున్నారు. ఏమైందని అడిగితే, ఏసీ గాలి నేరుగా చేతి మీదికే వచ్చిందన్నారు.

ఏ వేళ్లని అడిగాను. అన్నీ అన్నారు, చిటికెనవేలితో సహా. అయితే ఇది నాకొచ్చింది కాదు, కల్బా దాకా వెళ్లి వచ్చినంతసేపూ హ్యాండిల్‌కు వేలాడినందుకు వచ్చింది. ఒక పూట ఊరుకుంటే పోతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు. నా పట్టీ ఎక్కడుందని అడిగి, తనే తెచ్చుకుని బిగించుకోవడం మొదలుపెట్టారు. చేతికి గడియారం ఉంది. దాని మీదే బిగిస్తున్నారు.

గడియారం తీయండి అన్నాను. కంపెనీ వాళ్లు ఇచ్చినప్పటి నుంచీ తీయలేదన్నారు.

"కాకినాడకు ఫోను చేయమంటారా?" అన్నాను.

తీసి ఇచ్చారు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఆయన వెనక సీట్లో కూర్చుంటారట. అక్కడ కూడా ఒక హ్యాండిల్ ఉంది, చూశాను.